ఇంటి గుట్టు – వ్యాపార రహస్యాల చౌర్యం: గుర్తించడం, కాపాడుకోవడం



'ఇంటి గుట్టు లంకకు చేటు' అన్నారు మన పెద్దలు. 'ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు' అని కూడా అన్నారు. ఈ రెండు సామెతలూ నేటి వ్యాపార ప్రపంచానికి అక్షరాలా వర్తిస్తాయి. ఒక కంపెనీ రహస్యాలను మరో కంపెనీ దొంగచాటుగా సంపాదించడాన్ని కార్పొరేట్ గూఢచర్యం అంటారు. 'ఇది పెద్దవాళ్ల గొడవ, మనకెందుకు?' అనుకోవద్దు. మన హాస్టళ్లలో చదివి బయటికి వెళ్లినవారిలో చాలామంది డేటా ఎంట్రీ ఆపరేటర్‌గానో, ల్యాబ్ హెల్పర్‌గానో, అకౌంట్స్ అసిస్టెంట్‌గానో, అటెండర్‌గానో జీవితం మొదలుపెడతారు. రహస్యాలు కావలసినవాడు ముందుగా వెతుక్కునేది అటువంటి చిన్న ఉద్యోగినే. కాబట్టి ఈ పాఠం మనకే ఎక్కువ అవసరం.

వ్యాపార రహస్యం అంటే ఏమిటి?

బయటివారికి తెలియనిది, తెలియకపోవడం వల్లనే విలువ కలిగినది, యజమాని జాగ్రత్తగా దాచుకుంటున్నది – ఈ మూడు లక్షణాలు ఉన్న సమాచారమే వ్యాపార రహస్యం. మందు తయారుచేసే పద్ధతి, టెండరులో వేయబోయే ధర, ఖాతాదారుల జాబితా, సాఫ్ట్‌వేర్ ప్రోగ్రామ్ – ఇవన్నీ ఈ కోవలోనివే.

మనకు దగ్గరి ఉదాహరణ గద్వాల ప్రాంతంలోని పత్తి విత్తనోత్పత్తి. హైబ్రిడ్ విత్తనం ఆడ, మగ రకాలను కలిపితే వస్తుంది. హైబ్రిడ్ విత్తనం బజారులో ఎవరైనా కొనుక్కోవచ్చు. కానీ దాని ఆడ, మగ విత్తనం ఎవరి చేతిలో పడితే వారు అదే హైబ్రిడ్‌ను తయారుచేసుకోగలరు. అందుకే కంపెనీలు వాటిని అంత గట్టిగా కాపాడుకుంటాయి.

చరిత్రలో గూఢచర్యం

ఇది కొత్త విద్య కాదు. క్రీ.శ. 6వ శతాబ్దంలో చైనా పట్టు రహస్యం కాన్‌స్టాంటినోపుల్‌కు చేరింది. పట్టుపురుగు గుడ్లను సన్యాసులు దొంగచాటుగా తెచ్చారని ఆనాటి చరిత్రకారులు రాశారు. 1848లో ఈస్టిండియా కంపెనీ రాబర్ట్ ఫార్చ్యూన్ అనే వృక్షశాస్త్రజ్ఞుణ్ణి చైనాకు పంపింది. అతడు చైనీయుల వేషంలో తిరిగి తేయాకు మొక్కలు, విత్తనాలు సేకరించాడు. వాటితో పాటు తయారీ తెలిసిన పనివాళ్లను కూడా మన హిమాలయ ప్రాంతపు తోటలకు చేర్చాడు. మొక్క ఒక్కటే చాలదనీ, చేతిపని తెలిసిన మనిషి కూడా కావాలనీ అతనికి బాగా తెలుసు.

ఎలా జరుగుతుంది? నాలుగు ఉదాహరణలు

1. లోపలి మనిషి ద్వారా: 2006లో అమెరికాలోని అట్లాంటాలో కోకాకోలా ప్రధాన కార్యాలయంలో పనిచేసే ఒక సెక్రటరీ రహస్య కాగితాలను, ఇంకా విడుదల కాని పానీయం నమూనాను సంచిలో వేసుకుని బయటికి తెచ్చింది. ఆమెతో కలిసిన వ్యక్తి వాటిని అమ్ముతామంటూ పెప్సీకి ఉత్తరం రాశాడు. పెప్సీ కొనలేదు సరికదా, ఆ సంగతి కోకాకోలాకే తెలియజేసింది. ఎఫ్‌బీఐ మారువేషంలో బేరమాడి ముఠాను పట్టుకుంది. 2007లో సెక్రటరీకి 8 ఏళ్ల జైలుశిక్ష పడింది.

2. చెత్తబుట్ట ద్వారా: ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ సంస్థ తరఫున పనిచేసినవారు యూనిలీవర్ పారేసిన చెత్తలో కాగితాలు ఏరి సమాచారం సేకరించారు. ఈ విషయం 2001లో బయటపడింది. పై అధికారులు తెలుసుకుని తామే యూనిలీవర్‌కు చెప్పి, తర్వాత రాజీ చేసుకున్నారు.

3. పొలం నుంచి: 2011లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో మొక్కజొన్న విత్తనం నాటిన ప్రయోగ క్షేత్రంలో ఒక వ్యక్తి మోకాళ్లపై కూర్చుని మట్టి తవ్వుతూ కనిపించాడు. చైనాకు చెందిన ఒక విత్తన కంపెనీ కోసం జనక విత్తనాలు దొంగిలించడమే ఆ ముఠా పని అని దర్యాప్తులో తేలింది. పాప్‌కార్న్ పెట్టెల్లో దాచిన విత్తనాలు కూడా దొరికాయి. 2016లో ముఖ్య నిందితునికి 3 ఏళ్ల శిక్ష పడింది.

4. డూప్లికేట్ తాళం ద్వారా: 2015 ఫిబ్రవరిలో ఢిల్లీలోని శాస్త్రి భవన్‌లో పెట్రోలియం మంత్రిత్వ శాఖ పత్రాలు బయటికి పోతున్నాయని పోలీసులు కేసు పెట్టారు. డూప్లికేట్ తాళాలతో, దొంగ గుర్తింపు కార్డులతో రాత్రివేళ లోపలికి వెళ్లి జిరాక్స్ తీసేవారని అభియోగం. అరెస్టయినవారిలో పెద్ద కంపెనీల అధికారులతో పాటు మంత్రిత్వ శాఖలోని అటెండర్ స్థాయి ఉద్యోగులూ ఉన్నారు.

మొదటి, చివరి ఉదాహరణలను మరోసారి చదవండి. కాగితం విలువ తెలిసినవాడు ఒకడు, కాగితం చేతిలో ఉన్నవాడు మరొకడు. మొదటివాడు తెర వెనక ఉంటాడు. రెండోవాడే కెమెరాలో కనిపిస్తాడు.

గుర్తించడం ఎలా?

ఈ క్రింది లక్షణాలలో ఏ ఒక్కటి చూసినా వెంటనే దొంగ అని ముద్ర వేయరాదు. రెండు మూడు కలిసి కనిపిస్తే మాత్రం ఆరా తీయాలి.

- తన పనికి సంబంధం లేని ఫైళ్లు అడగడం, చూడడం.
- అవసరం లేకపోయినా అందరూ వెళ్లాక ఒంటరిగా ఉండిపోవడం.
- రాజీనామాకు ముందు రోజుల్లో పెద్ద ఎత్తున ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకో, సొంత ఈమెయిల్‌కో పంపుకోవడం.
- మన టెండరు ధర కన్నా ప్రతిసారీ కొద్ది తేడాతో పోటీదారు తక్కువ వేయడం.
- 'హెడ్డాఫీసు నుంచి మాట్లాడుతున్నాం' అంటూ పాస్‌వర్డ్, ఓటీపీ అడగడం.
- పరిచయం లేనివారు అకస్మాత్తుగా స్నేహం కలిపి, పార్టీ ఇచ్చి, అప్పు ఇచ్చి, మెల్లగా ఆఫీసు సంగతులు అడగడం.

చివరిది ముఖ్యం. వల వేసేవాడు మొదటిరోజే రహస్యం అడగడు. ముందు ఎవరికీ పనికిరాని చిన్న కాగితం అడిగి, దానికి డబ్బు ఇస్తాడు. అది తీసుకున్నాక రెండోసారి అడగడు, బెదిరిస్తాడు. కాబట్టి కాదనవలసింది మొదటి కాగితం దగ్గరే.

కాపాడుకోవడం ఎలా?

మన పూర్వ విద్యార్థులలో సొంతంగా చిన్న వ్యాపారాలు నడుపుతున్నవారూ ఉన్నారు. వారు ఖర్చు లేకుండా చేయగలిగిన పనులు ఇవి:

1. దాచవలసినది ఏది, అవసరం లేనిది ఏది అని ముందు రాసుకోవాలి. అన్నీ రహస్యమే అంటే ఏదీ రహస్యంగా ఉండదు.
2. ఎవరి పనికి ఎంత అవసరమో అంతే చూపించాలి. మెస్‌లో వడ్డించేవారందరికీ స్టోర్‌రూము తాళం ఇవ్వం కదా!
3. ఒకే పాస్‌వర్డ్‌ను పదిమంది వాడరాదు. ఉద్యోగి మానేసిన రోజే అతని పాస్‌వర్డ్, తాళాలు రద్దు చేయాలి.
4. పనికిరాని కాగితాలు చించి పారేయాలి. టెండరు ధర చివరి గంటలో, ఒకరిద్దరి మధ్యనే ఖరారు చేయాలి.
5. గోప్యత ఒప్పందం రాయించుకోవాలి. అది ఉద్యోగికి అర్థమయ్యే భాషలో ఉండాలి.
6. జీతం సకాలంలో ఇవ్వాలి, మనిషిని గౌరవించాలి. అవమానపడిన ఉద్యోగిని ఆశపెట్టడం తేలిక.

చట్టం ఏమంటుంది?

కంప్యూటరు నుంచి అనుమతి లేకుండా దురుద్దేశంతో సమాచారం కాపీ చేస్తే, సమాచార సాంకేతిక చట్టం 2000లోని 43, 66 సెక్షన్ల కింద 3 ఏళ్ల వరకు జైలు, లేదా 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. దొంగతనం, నమ్మకద్రోహం నేరాలు 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత కిందికి వచ్చాయి. వ్యాపార రహస్యాలకు ప్రత్యేక చట్టం ఉండాలని లా కమిషన్ 2024 మార్చిలో తన 289వ నివేదికలో సిఫారసు చేసింది.

రహస్యం వేరు, తప్పు దాచడం వేరు

ఇక్కడ ఒక తేడా గమనించాలి. పోటీదారు దుకాణానికి వెళ్లి ధరలు చూడడం, ప్రకటనలు చదవడం గూఢచర్యం కాదు. ఒక ఉద్యోగంలో మనం నేర్చుకున్న పనితనం మన సొంతం, దానితో మరోచోట చేరవచ్చు. ఉద్యోగం మానేశాక అదే వృత్తి చేయరాదనే షరతు సాధారణంగా చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. అయితే ఫైళ్లు, జాబితాలు మాత్రం వెంట తీసుకుపోరాదు.

అలాగే, ఫ్యాక్టరీ విషపు నీళ్లు చెరువులోకి వదులుతుంటే, కనీస వేతనం ఎగవేస్తుంటే అధికారులకు ఫిర్యాదు చేయడం ద్రోహం కాదు, బాధ్యత. సమాచార హక్కు చట్టం 2005 కూడా వ్యాపార రహస్యాలకు మినహాయింపు ఇస్తూనే, విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే వెల్లడించవచ్చని చెప్పింది. ప్రజల మేలు కోసం అధికారికి చెప్పడం ఒకటి, డబ్బు కోసం పోటీదారుకు అమ్మడం మరొకటి.

చివరగా

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! మనలో చాలామంది వెనక సిఫారసు చేసే బంధువులు లేరు, కేసు పడితే లాయరును పెట్టుకునే స్తోమత లేదు. మన సర్టిఫికెట్టు తర్వాత మనకున్న ఆస్తి మన మీద నమ్మకమే. ఎవరైనా వచ్చి 'ఒక్క కాగితమే కదా' అంటే, ఆ కాగితం వెల ఎంతో కాదు, మీ ఉద్యోగం వెల ఎంతో లెక్క వేసుకోండి. వెంటనే పై అధికారికి చెప్పండి, చెప్పిన తేదీ రాసి పెట్టుకోండి.

అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలతో...

– ఒక పూర్వ విద్యార్థి