వంటగట్టు మీద నిమ్మకాయ మచ్చ

కడప బండ పరిచిన వంటగట్టు మీద కోసిన నిమ్మచెక్క మరిచిపోతే, తెల్లారేసరికి గుండ్రంగా తెల్లటి మచ్చ పడి ఉంటుంది. పీచుతో ఎంత తోమినా పోదు. పక్కింటి గ్రానైట్ గట్టు మీద అలా పడదేం అని మీ అమ్మాయి అడిగితే, "నీకెందుకే, వెళ్లి చదువుకో" అనకండి. అదే చదువు. కడప బండ సున్నపురాయి, పులుపు తగిలితే కరుగుతుంది. గ్రానైట్ కరగదు. జియాలజీ విద్యార్థులు ఫీల్డుకి వెళ్లేటప్పుడు సుత్తీ, భూతద్దం, కంపాసుతో పాటు నీళ్లు కలిపిన యాసిడ్ బుడ్డి పట్టుకెళ్లేది ఈ పరీక్షకే. రాయి మీద చుక్క వేయగానే బుసబుసా పొంగితే అది సున్నపురాయని గుర్తు.

ఇలాంటి ప్రశ్నలు వేసే పిల్లలున్న ఇళ్లలో తొందరపాటు ఇంటర్ గ్రూపు దగ్గరే జరుగుతుంది. రాళ్ల చదువుకి లెక్కలెందుకని కొందరు అనుకుంటారు. బోరు పాయింటు చూడటానికి మిషను తెచ్చే మనిషిని మీరు పొలంలో చూసే ఉంటారు. నాలుగు ఇనప కడ్డీలు వరసగా నేలలో దిగ్గొట్టి, రెండు చివర్లలో ఉన్న కడ్డీల గుండా కరెంటు పంపి, మధ్య రెండింటి దగ్గర ఓల్టేజి చదువుతాడు. కడ్డీలను దూరం జరిపేకొద్దీ ఇంకా లోతు సంగతి తెలుస్తుంది. నీరున్న పగుళ్ల రాయిలో కరెంటు సులువుగా పారుతుంది, గట్టి రాయిలో అంతగా పారదు. ఇదే జియోఫిజిక్స్. తవ్వకుండా లోపలేముందో చెప్పాలంటే ఫిజిక్సూ, లెక్కలూ రావాలి. అందుకే అటు వెళ్లాలనుకునే పిల్లలకు ఎంపీసీ తీసుకోవడమే క్షేమం. బైపీసీలో చేరిపోయిన పిల్లను మాత్రం దయచేసి నిందించకండి. బీఎస్సీ జియాలజీ తలుపు చాలాచోట్ల బైపీసీ వాళ్లకూ తెరిచే ఉంటుంది. పై చదువుల్లో లెక్కలు అడిగే కోర్సులూ ఉంటాయి గనక ప్రవేశ ప్రకటన ముందే చదివి పెట్టుకోండి. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో మంచి ర్యాంకు వస్తే ఖరగ్‌పూర్, ధన్‌బాద్ ఐఐటీల్లో జియాలజీ, జియోఫిజిక్స్ రెండింట్లోనూ కోర్సులున్నాయి.

ఒక్క మాట మొహమాటం లేకుండా చెప్పాలి. ఈ చదువు డిగ్రీతో ఆగితే కష్టం. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో జియాలజిస్టు కావాలంటే యూపీఎస్సీ కంబైన్డ్ జియో-సైంటిస్ట్ పరీక్ష రాయాలి, దానికి ఎమ్మెస్సీ ఉండాలి. జియోఫిజిసిస్టు పోస్టుకి ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేసినవాళ్లూ అర్హులే. ఈ సంగతి తెలియక మంచి ఫిజిక్స్ విద్యార్థులు ఇటు చూడరు, నాకు బాధేస్తుంది. కాబట్టి ఖర్చయినా, ఓపికయినా మూడేళ్లకు కాదు, అయిదేళ్లకు లెక్కవేసుకోండి.

అయిదేళ్లూ దూరం పంపాలేమోనని దిగులు పడకండి. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, హైదరాబాద్‌లో ఉస్మానియా రెండు శాస్త్రాలకూ పేరున్న చోట్లు. భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్జీఆర్‌ఐ, అణుఖనిజ సంస్థ, ఇనప ఖనిజం తవ్వే ఎన్‌ఎండీసీ ప్రధాన కార్యాలయాలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. సింగరేణి బొగ్గు కథ మొదలైంది కూడా జియలాజికల్ సర్వేకి చెందిన విలియం కింగ్ 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపెట్టడంతోనే.

కాలేజీలో ఫీజు కట్టేముందు ల్యాబ్ చూపించమనండి. రాళ్ల నమూనాలకు చీటీలు ఉన్నాయా, మైక్రోస్కోపులు పనిచేస్తున్నాయా, ఏడాదికి ఎన్ని రోజులు ఫీల్డుకి తీసుకెళ్తారు అని అడగండి. ఫీల్డు చూపించని కాలేజీలో జియాలజీ చేరడం చెరువు చూడకుండా ఈత నేర్చుకోవడమే.

ఆడపిల్లల తల్లిదండ్రుల భయం నాకు తెలుసు. పది రోజులు కొండల్లో తిరగాలంటే ఎలా అంటారు. వెంట ఏ మేడమ్ వస్తున్నారో, రాత్రి బస ఎక్కడో అడగండి, అది మీ హక్కు. కానీ అనుమతి కాగితం మీద సంతకం ఆపకండి. 2019 నుంచి భూగర్భ గనుల్లోకి కూడా షరతులతో ఆడవాళ్లను అనుమతించారు.

ఈసారి తిరుమల వెళ్లినప్పుడు ఘాట్ రోడ్డులో పిల్లను కిటికీ పక్కన కూర్చోబెట్టండి. ఒకచోట కింద పాత గ్రానైటూ, దాని మీద పొరలు పొరలుగా క్వార్ట్‌జైటూ కనిపిస్తాయి. ఆ రెండూ కలిసే గీత దగ్గర సుమారు 80 కోట్ల ఏళ్ల చరిత్ర లేదు, చెరిగిపోయింది. అది ఎక్కడికి పోయిందని ఆమె అడుగుతుంది. అడగనివ్వండి.