పానా మీది అంకె

విస్సన్నపేటలో ఒక పాత లారీ ఉంది. దాని వెనక తలుపు పలక విరిగింది. తెల్లారితే నున్న మార్కెట్టుకు మామిడికాయలు తోలాలి.

భర్త పాత బోల్టు విప్పబోయాడు. పానా జారింది. బోల్టు తల మూలలు అరిగి గుండ్రంగా అయ్యింది.

భార్య పానా మీది అంకె చదివింది.

"ఏమయ్యా, ఇది 20. ఈ బోల్టు సైజు 19 కదా! వదులైతే జారదా?"

"నిజమేనే! నేను చూసుకోలేదు."

ఇద్దరూ తుప్పు గీకారు. కిరసనాయిలు పోశారు. దగ్గర్లో బీడీ, దీపం లేకుండా చూశారు. గంట ఆగారు. బోల్టు తలకు ఎదురెదురు పక్కలు ఆకురాయితో అరగదీశారు. 17 పానా బిగువుగా పట్టింది. ఎడమవైపు తిప్పితే బోల్టు ఊడింది.

కొత్త బోల్టుకు గ్రీజు రాసి బిగించారు. తెల్లారి లారీ కదిలింది.

బలం ఒక్కటే చాలదు. అంకె చూడాలి. ఓపిక పట్టాలి.

మీ ఇంట్లో పానా ఉందా? దాని మీది అంకె చదవండి.