అడవికెళ్లే పిల్లలకు పది మాటలు

శుక్రవారం సాయంత్రమైతే చాలు, హైదరాబాదులోని మా నాచారం వీధుల్లో వీపున సంచులు తగిలించుకున్న కుర్రకారు కనిపిస్తుంది. కొందరు అనంతగిరికి, కొందరు నల్లమలకు, సెలవు దొరికినవాళ్లు ఏకంగా ఉత్తరాఖండ్‌కో హిమాచల్‌కో బయల్దేరతారు. ఉప్పల్‌లోని సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థలో చదువుకుని, ఉద్యోగకాలమంతా గుట్టలూ అడవులూ కొలిచినవాణ్ణని తెలిసి వాళ్లలో కొందరు నా దగ్గరికొస్తుంటారు. ఈమధ్య అందరి ప్రశ్నా ఒకటే: "అంకుల్, శాటిలైట్ కమ్యూనికేటర్ తెప్పించుకోమంటారా? అన్నయ్య అమెరికా నుంచి తెస్తానంటున్నాడు."

అవుననో కాదనో ఒక్క మాటలో తేలే సంగతి కాదిది. అందుకే నాకు తెలిసింది వరుసగా రాస్తున్నాను.

1. సరుకు కన్నా ముందు చట్టం చూడండి

గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి పరికరాన్ని అమెరికాలో ఏ దుకాణంలోనైనా కొనొచ్చు. అదే పరికరం సంచిలో పెట్టుకుని మన దేశంలో విమానం ఎక్కబోతే కేసవుతుంది. ప్రభుత్వ అనుమతి లేకుండా ఉపగ్రహానికి సంకేతం పంపే పరికరం దగ్గర ఉంచుకోవడమే ఇక్కడ నేరం. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం, 1933 నాటి వైర్‌లెస్ చట్టం కాలం నుంచీ ఈ కట్టడి ఉంది. 2008 ముంబయి దాడుల్లో ఉగ్రవాదులు శాటిలైట్ ఫోన్ వాడాక అది మరింత బిగిసింది. 2024 డిసెంబరులో గోవా విమానాశ్రయంలో భద్రతా తనిఖీ దగ్గర ఇలాంటి పరికరాలతోనే విదేశీ యాత్రికులు పట్టుబడ్డారు.

కాబట్టి అన్నయ్యకు చెప్పండి, తేవద్దని. మీరే అమెరికా వెళ్లి అక్కడి కొండల్లో తిరుగుతానంటే నిక్షేపంగా కొనుక్కోండి, వచ్చేటప్పుడు అక్కడే వదిలి రండి.

2. అందుకునేది వేరు, పంపేది వేరు

మీ ఫోన్‌లోని జీపీఎస్ ఆకాశం నుంచి సంకేతం అందుకుంటుంది, అంతే. తిరిగి పైకేమీ పంపదు. అందుకే సిగ్నల్ గీత ఒక్కటి లేకపోయినా మీరున్న చోటు చూపిస్తుంది. మ్యాపులు ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకుని వెళ్తే నల్లమల నడిమధ్యన కూడా దారి తెలుస్తుంది. దీనికి ఏ అనుమతీ అక్కర్లేదు. చాలామంది ఇది చేయకుండానే శాటిలైట్ పరికరం గురించి అడుగుతారు.

కమ్యూనికేటర్ పంపుతుంది కూడా. ఇన్‌రీచ్ మినీ అనే చిన్న రకం వంద గ్రాముల బరువు. పైన పొట్టి యాంటెనా, పక్కన మూత కింద ఎస్ఓఎస్ బొత్తాం. భూమికి దాదాపు 780 కిలోమీటర్ల ఎత్తున తిరిగే 66 ఇరిడియం ఉపగ్రహాల ద్వారా 160 అక్షరాల కబురు పంపుతుంది, జవాబూ తెస్తుంది. ఎస్ఓఎస్ నొక్కితే ఆ పిలుపు టెక్సస్‌లోని మాంట్‌గోమరీలో రాత్రింబవళ్లు పనిచేసే కేంద్రానికి చేరుతుంది. వాళ్లు మీరున్న ప్రాంతపు రక్షణ సిబ్బందికి చెబుతారు. అమెరికాలో ఆ బాధ్యత చాలాచోట్ల కౌంటీ షెరిఫ్‌ది.

పీఎల్‌బీ (పర్సనల్ లొకేటర్ బీకన్) అని ఇంకొకటుంది. అది కబుర్లు చెప్పదు, 406 మెగాహెర్ట్జ్ మీద ఒకే ఒక్క అరుపు అరుస్తుంది. నెలనెలా చందా లేదు, బ్యాటరీ ఏళ్ల తరబడి ఉంటుంది. అమెరికాలో దాన్ని అక్కడి సముద్ర, వాతావరణ సంస్థ నోవా దగ్గర మీ పేరుతో నమోదు చేసుకుని, రెండేళ్లకోసారి వివరాలు సరిచూసుకోవాలి. ఆ అరుపు వినే కోస్పాస్-సార్‌శాట్ ఏర్పాటు అమెరికా, సోవియట్ యూనియన్, కెనడా, ఫ్రాన్సు కలిసి పెట్టింది. 1982 సెప్టెంబరులో కెనడాలో కూలిన చిన్న విమానంలోని వాళ్లను కాపాడడంతో దాని పని మొదలైంది. ఆ పిలుపులు అందుకునే కేంద్రం మన బెంగళూరులోనూ ఉంది.

3. ఆకాశం కనబడకపోతే ఏ పరికరమూ పనిచేయదు

నాచారంలో ఏ డాబా ఎక్కి చూసినా డిష్ గొడుగులన్నీ ఒకే వైపు మొహం పెట్టి ఉంటాయి. ఆ ఉపగ్రహాలు భూమధ్యరేఖ మీద, 36 వేల కిలోమీటర్ల ఎత్తున నిలిచి ఉంటాయి కాబట్టి మనకు దక్షిణాకాశంలోనే దొరుకుతాయి. ఇన్‌మార్‌శాట్ శాటిలైట్ ఫోనుదీ ఇదే పద్ధతి. హిమాలయాల్లో దక్షిణం వైపు కొండ గోడలా నిలబడిన లోయలో కూర్చుని ఎంతసేపు తిప్పినా అది పలకదు.

ఇరిడియం ఉపగ్రహాలు తిరుగుతూ ఉంటాయి కాబట్టి ఒకటి కొండచాటుకు పోతే ఇంకొకటి వస్తుంది. కానీ దట్టమైన చెట్ల కింద, బండల సందులో కబురు వెళ్లడానికి నిమిషాలు పడుతుంది, ఒక్కోసారి వెళ్లదు. అనుమతి ఉన్న దేశంలో వాడేటప్పుడు పరికరాన్ని సంచి అడుగున పెట్టకండి. భుజం పట్టీకి పైన, యాంటెనా నిటారుగా ఉండేలా కట్టుకోండి. "పంపబడింది" అని తెర మీద కనబడేదాకా వెళ్లినట్టు లెక్క కాదు.

4. అంకెలు ఎలా చదవాలో నేర్చుకోండి

మా వృత్తిలో తరచూ కనిపించిన తప్పు ఇది. నాచారం దాదాపు 17.43 ఉత్తరం, 78.56 తూర్పు. ఇవి దశాంశ డిగ్రీలు. ఫోన్లో విన్నవాడెవడో దాన్ని 17 డిగ్రీల 43 నిమిషాలు, 78 డిగ్రీల 56 నిమిషాలు అని రాసుకున్నాడనుకోండి. డిగ్రీకి 60 నిమిషాలు కాబట్టి రెండూ ఒకటి కావు. ఆ చిన్న తేడాకు ఉత్తరానికి 30 కిలోమీటర్లకు పైగా, తూర్పుకు 40 కిలోమీటర్ల దాకా జరిగిపోతారు. మీరు నాచారంలో ఉంటే వాళ్లు యాదగిరిగుట్టకు ఆవల ఎక్కడో వెతుకుతుంటారు.

చెప్పేటప్పుడు "పదిహేడు పాయింట్ నాలుగు మూడు, దశాంశ డిగ్రీలు" అని పూర్తిగా చెప్పండి. అవతలివాళ్ల చేత తిరిగి చదివించుకోండి. పక్కన ఊరి పేరో, వాగు పేరో, మైలురాయో చేర్చండి. అంకె తప్పినా పేరు కాపాడుతుంది.

5. ఎక్కడున్నారో తెలియకపోవడమే అసలు ఆపద

2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ బేగంపేట నుంచి చిత్తూరు వైపు వెళ్తూ నల్లమల మీద మాయమైంది. రాష్ట్ర యంత్రాంగం, వాయుసేన విమానాలు, ఉపగ్రహ చిత్రాలు, అడవి తెలిసిన చెంచులు, పోలీసులు అందరూ కదిలారు. అయినా పావురాలగుట్ట దగ్గర శకలాలు కనబడింది మర్నాడు ఉదయమే. వాన, మబ్బు, అంతులేని అడవి. అంత పెద్ద మనిషికే ఒక పగలూ రాత్రీ పట్టింది.

మీ కోసం అంత బలగం రాదు. వెతకాల్సిన చోటు ఎంత చిన్నదైతే మీకు అంత మేలు. అందుకే ప్రతి మజిలీలో, చేతిలో పరికరం ఉంటే దానితో, లేకపోతే సిగ్నల్ దొరికిన ఆఖరి చోటు నుంచి, మీరున్న స్థానం, తర్వాత వెళ్లబోయే దారి ఇంటికి పంపండి. అమ్రాబాద్ లాంటి అభయారణ్యాల్లో అటవీశాఖ అనుమతి తీసుకోవడం చాదస్తం అనుకోవద్దు. చెక్‌పోస్టు పుస్తకంలో మీ పేరు, వెళ్లిన వేళ ఉండడమే వెతికేవాళ్లకు మొదటి ఆనవాలు.

6. కబురు పొట్టిగా, పనికొచ్చేలా రాయాలి

భయంలో ఉన్నవాడు "ప్లీజ్ హెల్ప్, చాలా ప్రమాదంలో ఉన్నాం" అని రాస్తాడు. చదివినవాడికి ఏమీ తెలియదు. ఇలా రాయండి: "నలుగురం. ఒకరికి కుడికాలు విరిగింది, నడవలేడు, స్పృహ ఉంది. నీళ్లున్నాయి, గుడారం ఉంది. వాగుకు ఉత్తరపు గట్టున ఉన్నాం, కదలం."

ఎంతమంది, ఏమైంది, ఎక్కడ, ఏమున్నాయి, ఏం చేయబోతున్నారు. ఈ అయిదూ ఉంటే హెలికాప్టర్ పంపాలా, స్ట్రెచర్‌తో మనుషులు నడిచి రావాలా అని వాళ్లు తేల్చుకోగలరు. ఇంగ్లిషు అక్షరాల్లో రాయడం ఇంట్లోనే అలవాటు చేసుకోండి. వేళ్లు కొంకర్లు పోయే చలిలో కొత్తగా నేర్చుకోలేరు.

ఎస్ఓఎస్ పొరపాటున నొక్కుకుంటే సిగ్గుపడి పరికరం కట్టేయకండి. రద్దు చేసి, బాగానే ఉన్నామని కబురు పెట్టండి. లేకపోతే మీ కోసం బయల్దేరినవాళ్లు ప్రాణాల మీదికి తెచ్చుకుంటారు.

7. పిలిచాక కదలకండి

2023 జులైలో ములుగు జిల్లా ముత్యాలధార జలపాతం చూడ్డానికి వెళ్లిన దాదాపు 80 మంది తిరిగొచ్చే దారిలో వాగు పొంగి అడవిలో చిక్కుకున్నారు. అదృష్టం కొద్దీ ఫోన్ కలిసింది. సాయం అడిగారు, వాగు దాటవద్దని అవతలి నుంచి చెప్పారు. జాతీయ విపత్తు స్పందన దళం వెళ్లి వాళ్లను క్షేమంగా బయటికి తెచ్చింది. వాళ్లలో పదిమంది తొందరపడి ఆ చీకట్లో వాగులో దిగి ఉంటే కథ వేరేగా ఉండేది.

మీరు చెప్పిన చోటికే సాయం వస్తుంది. రెండు కిలోమీటర్లు అవతలికి జరిగితే మళ్లీ మొదటి నుంచి వెతకాలి. కదలక తప్పని పరిస్థితి అయితే కొత్త చోటు మళ్లీ చెప్పండి.

8. పిలుపు నిమిషాల్లో వెళ్తుంది, సాయం తెల్లారాకే వస్తుంది

2024 జూన్ మొదటివారంలో ఉత్తరాఖండ్‌లోని సహస్రతాల్ దారిలో ఎక్కువమంది కర్ణాటకవాళ్లే ఉన్న 22 మంది బృందం మంచు తుపానులో చిక్కుకుంది. తొమ్మిది మంది చనిపోయారు. వాయుసేన హెలికాప్టర్లు మర్నాడు ఎగిరి మిగతావాళ్లను తెచ్చాయి. వాతావరణం బాగోకపోతే ఎవరు పిలిచినా హెలికాప్టర్ ఎగరదు.

అంటే పిలిచాక ఒక రాత్రి మీ అంతట మీరు బతికుండాలి. వెచ్చని దుప్పటి, తడవని బట్టలు, అగ్గిపెట్టె, టార్చి, ఒక పూట తిండి, నీళ్లు. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది కాబట్టి పరికరమైనా ఫోనైనా రాత్రిపూట చొక్కా లోపల ఒంటికి ఆనించి పెట్టుకోవాలి. పరికరం ఉందన్న ధీమాతో సంచి తేలిక చేసుకునేవాణ్ణి నేనైతే వెంట తీసుకెళ్లను.

9. మన చట్టం ఒప్పుకునే దారులూ ఉన్నాయి

బీఎస్‌ఎన్‌ఎల్ ద్వారా, టెలికం శాఖ అనుమతితో, ఇన్‌మార్‌శాట్ శాటిలైట్ ఫోన్ తీసుకోవచ్చు. ఒంటరిగా తిరిగేవాడికి ఇది పెద్ద తతంగం. పెద్ద యాత్రలు నడిపే సంస్థలతో వెళ్లేటప్పుడు మాత్రం అడగండి: మీ గైడు దగ్గర అనుమతి ఉన్న శాటిలైట్ ఫోనుందా, వైర్‌లెస్ సెట్లున్నాయా, చివరిసారి ఎప్పుడు పరీక్షించారు? సమాధానం నీళ్లు నమిలినట్టుంటే వేరే సంస్థను చూసుకోండి.

మన ఊళ్లోనే ఇంకో దారి ఉంది, హామ్ రేడియో. సోమాజిగూడలో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఉంది. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుంటే చట్టబద్ధంగా దూరాలకు మాట్లాడొచ్చు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ఆ సంస్థ యాత్రలో భాగంగా భారతీ ప్రసాద్ అండమాన్‌లో ఉన్నారు. ఫోన్లు మూగబోయిన ఆ దీవుల నుంచి ఆమె రేడియో ద్వారానే క్షేమసమాచారాలు బయటికొచ్చాయి.

సముద్రం మీద వేటకెళ్లేవాళ్లకైతే మన ప్రభుత్వమే ఉపగ్రహ పరికరాలు ఇస్తోంది. తీర రాష్ట్రాల్లో లక్ష పడవలకు ఇస్రో తయారుచేసిన ట్రాన్స్‌పాండర్లు బిగించే పథకం 2024 ఆగస్టు 30న మొదలైంది. ఒడ్డుతో అటూ ఇటూ కబుర్లు నడుస్తాయి, ఆపదలో బొత్తాం నొక్కవచ్చు. గంగపుత్రులకు దొరికినది కొండలెక్కేవాళ్లకూ దొరకాలని అడగడం న్యాయమే. దొరికేదాకా చట్టం దాటవద్దు.

10. కబురు అందుకునే మనిషిని ముందు చూసుకోండి

దేశాన్ని కొలిచే మహా సర్వే నడిపిన లాంబ్టన్ దొరకు సహాయకుడిగా వచ్చిన జార్జ్ ఎవరెస్ట్ అనే యువకుడు 1819లో గోదావరి, కృష్ణల మధ్య ఎల్లాపురం అడవుల్లో సర్వే చేస్తూ తన మనుషులతో సహా మలేరియాతో పడిపోయాడు. ఎవరెస్ట్ శిఖరానికి ఆ పేరొచ్చింది ఈయన వల్లనే. హైదరాబాదు నుంచి ఏనుగులు, పల్లకీలు పంపి వాళ్లను మోయించి తెచ్చారు. ఉపగ్రహం లేదు, తంతి లేదు. కానీ వాళ్లు ఏ అడవిలో ఏ పని మీద ఉన్నారో నగరంలో ఉన్నవాళ్లకు తెలుసు, తెచ్చే బాధ్యత తీసుకున్నవాళ్లూ ఉన్నారు.

ఇప్పటికీ సంగతి అదే. మీ కబురు టెక్సస్ దాకా వెళ్లినా, వాళ్లు మీరు రాసిచ్చిన ఇంటి నంబరుకూ ఫోన్ చేస్తారు. ఆ ఫోన్ ఎత్తిన అమ్మకో, భార్యకో, స్నేహితుడికో మీరు ఏ గుట్ట మీద ఉన్నారో తెలియకపోతే ఏమి చెబుతారు?

కాబట్టి ఒక కాగితం తీసుకోండి. మీ పేర్లు, వెంట వచ్చేవాళ్ల ఇళ్ల నంబర్లు, బండి నంబరు, బండి ఎక్కడ ఆపుతారు, ఏ దారిన ఎక్కుతారు, ఏ దారిన దిగుతారు, ఎవరికి ఏ జబ్బుంది, ఏ మందు వాడతారు, ఆ ప్రాంతపు పోలీస్ స్టేషన్, అటవీ రేంజ్ ఆఫీసు నంబర్లు, 112. అడుగున ఒక గడువు రాయండి: "ఆదివారం రాత్రి ఎనిమిదింటికి ఫోన్ రాకపోతే తొమ్మిదింటికి పోలీసులకు చెప్పండి." ఇంట్లో కంగారు పడేవాళ్ల చేతికి కాకుండా నిబ్బరంగా ఉండేవాళ్ల చేతికి ఇవ్వండి. దిగగానే, టీ తాగడానికి కూడా ఆగకుండా, వచ్చేశామని వాళ్లకు ఫోన్ చేయండి.

పది నిమిషాల పని. ఇది చేయకుండా బయల్దేరేవాళ్లకు నేను ఏ పరికరం పేరూ చెప్పను.