ఉన్నికి వంటింటి రంగులు

వెలిసిపోయిన తెల్ల శాలువా, అల్లిక మధ్యలో ఆపేసిన ఉన్ని ఉండలు మీ ఇంట్లోనూ ఉండే ఉంటాయి. వాటికి రంగు వెయ్యాలంటే రసాయనాల డబ్బాలు కొననక్కర్లేదండీ, మనం రోజూ పారేసే తొక్కలూ పొట్టూ చాలు. నేను వాడి చూసి, బాగా కుదిరాయనుకున్నవే చెబుతున్నాను.

1. ముందు ఒక్క పోగు కాల్చి చూడండి. జుట్టు కాలిన వాసన వచ్చి, బూడిద పొడిపొడిగా రాలితే అసలు ఉన్ని. కరిగి గట్టి పూసలా అయితే అక్రిలిక్, దానికి ఈ రంగులు పట్టవు.

2. ఉండను విప్పి చిలపలా చుట్టి, నాలుగైదు చోట్ల వదులుగా ముడి వెయ్యండి. చిక్కులు పడవు, ముడి కింద తెల్ల మచ్చలూ మిగలవు.

3. కుంకుడు రసంలో ఉతికి, జిడ్డు వదిలించాకే రంగు జోలికి వెళ్లండి. బట్టల సోడా మాత్రం వద్దు, ఉన్ని పెళుసైపోతుంది.

4. రంగు నిలవాలంటే పటిక పట్టించాలి. 100 గ్రాముల ఉన్నికి 10 నుంచి 15 గ్రాముల పొడి చాలు, ఎక్కువైతే ఉన్ని జిగటగా తయారవుతుంది.

5. పటికను వేడినీళ్లలో కరిగించి, తడిపిన ఉన్ని అందులో వేసి సన్నసెగ మీద గంటసేపు ఉంచండి. కలంకారీ నూలు బట్టకైతే ముందుగా కరక్కాయ, పాలు పట్టించాలి. ఉన్నికి అంత తతంగం లేదు.

6. నీళ్లు తెర్లనివ్వకండి, ఉన్నిని గరిటెతో తిప్పకండి, వేడి మీద తీసి చన్నీళ్లలో ముంచకండి. ఈ మూడూ పాటిస్తే ఉన్ని ముద్దకట్టదు, కుంచించుకుపోదు.

7. స్టీలు గిన్నె వాడండి, ఇనుప మూకుడు రంగును నల్లబరుస్తుంది. రంగుకు వాడిన గిన్నె, గరిటె మళ్లీ వంటకు వాడకుండా విడిగా పెట్టుకోండి.

8. ఉల్లిపొట్టు ఓ గుడ్డసంచిలో పోగెయ్యండి. ఉన్ని ఎంత బరువుంటే అంత పొట్టు ఉడికిస్తే బంగారు రంగు నుంచి నారింజ దాకా వస్తుంది. రైతుబజారులో అడిగితే బుట్టల అడుగున మిగిలింది ఊరికే ఇచ్చేస్తారు.

9. పండగకు గుమ్మానికి కట్టిన బంతిపూలు వాడాక పారెయ్యకుండా రేకలు ఎండబెట్టండి. వీటితో మంచి పసుపు రంగు వస్తుంది. పచ్చి పూలైతే ఉన్నికి రెట్టింపు బరువు తీసుకోండి.

10. దానిమ్మ తొక్కలు ఎండబెట్టి దంచి వాడితే ముదురు పసుపు వస్తుంది. వాడేసిన టీ పొడి ఆరబెట్టి దాచుకుంటే పటిక అవసరం లేకుండానే గోధుమ రంగు దిగుతుంది.

11. ఎరుపు కావాలంటే వనమూలికల కొట్లో మంజిష్ఠ వేళ్లు కొనండి. వేడి 70 డిగ్రీలు దాటనివ్వకండి, దాటితే ఎరుపు కాస్తా గోధుమ రంగులోకి తిరుగుతుంది.

12. పసుపుకొమ్ములు, బీట్‌రూట్ చూడ్డానికి ఊరిస్తాయి కానీ శాలువాలకు వద్దు. పసుపు ఎండకు వెలుస్తుంది, బీట్‌రూట్ ఉతుకులో పోతుంది.

13. తొక్కలు, పూలు రాత్రే నానబెట్టి, పొద్దున గంట ఉడికించి వడకట్టండి. గ్యాసు కలిసొస్తుంది, తునకలు ఉన్నిలో ఇరుక్కోవు.

14. ఉన్నిని గోరువెచ్చని నీళ్లలో తడిపాకే రంగునీళ్లలో వెయ్యండి, లేకపోతే మచ్చలుగా పడుతుంది. గంటసేపు వేడిచేసి, పొయ్యి కట్టేసి, మూతపెట్టి తెల్లారేదాకా వదిలెయ్యండి. ఖర్చు లేకుండానే రంగు ఇంకా చిక్కబడుతుంది.

15. బూడిద, నలుపు ఛాయలకు తుప్పు మేకుల్ని బెల్లం నీళ్లలో కొన్ని వారాలు ఊరబెట్టండి, కలంకారీ నలుపు పుట్టేదీ ఇలాగే. రంగునీళ్లలో ఆ నీళ్లు చెంచాడు కలిపితే చాలు, ఎక్కువైతే ఉన్ని గరుకెక్కుతుంది. మైలుతుత్తం జోలికి మాత్రం పోకండి, అది నీళ్లకూ నేలకూ చేటు.

16. రంగునీళ్లు ఒక్కసారికే పారబొయ్యకండి. అందులోనే రెండో చిలప, మూడో చిలప వేస్తే ఒకే రంగులో మూడు ఛాయలొస్తాయి, చారల స్వెటరుకు అచ్చంగా సరిపోతాయి.

17. ఒక స్వెటరుకు కావలసిన ఉన్ని అంతా ఒకేసారి వెయ్యండి. మొక్కల రంగు మళ్లీ అదే ఛాయలో రావడం కష్టం.

18. పటిక నీళ్లలో తర్వాతి చిలపకు సగం పొడి కలిపి మళ్లీ వాడుకోండి. అంతా అయ్యాక చల్లార్చి, బాగా పలుచన చేసి పెద్ద చెట్ల మొదట్లో పొయ్యండి, చేపలున్న నీళ్లలో మాత్రం కలపకండి.

19. నీడపట్టున ఆరెయ్యండి. ఓ పోగును సగం అట్టముక్కతో కప్పి రెండు వారాలు కిటికీలో ఉంచితే రంగు ఎంత గట్టిదో మీకే తెలుస్తుంది.

20. ప్రతి రంగు నుంచీ ఓ పోగు పుస్తకానికి అంటించి, ఏది ఎంత వేశారో పక్కనే రాసుకోండి. నల్ల గొర్రెల ఉన్నితో నేసిన గొంగడి ఉంటే దాన్ని అలాగే వాడుకోండి, దానికి పుట్టుకతో వచ్చిన రంగే గట్టిది. మిగతా ఉన్ని కోసం ఈరోజు కూరకు ఒలిచిన ఉల్లిపొట్టు నుంచే మొదలుపెట్టండి.