పాత కారు రేకుకు తుప్పు: మరమ్మతు

విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీరపు ఊళ్ళలో పాత అంబాసిడర్ కార్లను మీరు చూసే ఉంటారు. వీటి తయారీ 2014లో ఆగిపోయింది. ఉన్నవాటిని టింకరింగ్ పనివారే నిలబెడుతున్నారు. ఆ పని నేర్చుకోదలచిన మీరు ముందుగా ఒక సంగతి గమనించాలి. తలుపు అడుగున రంగు బుడగలా ఉబ్బితే తుప్పు అప్పుడే మొదలైందనుకోకండి. చాలాసార్లు అది లోపలి నుంచి తినుకుంటూ వచ్చి ఉంటుంది.

ఇనుము గాలిలోని ఆక్సిజన్‌తోను, నీటితోను కలిసి తుప్పుగా మారుతుంది. తుప్పు ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుచేత పైనున్న రంగును తోసివేస్తుంది. ఉప్పు ఈ మార్పును త్వరపెడుతుంది. తలుపు అడుగున నీరు పోయే చిన్న రంధ్రాలు మట్టితో పూడిపోతే వాననీరు లోపలే నిలుస్తుంది.

రేకుపై ఒక అయస్కాంతాన్ని జరుపుతూ పోండి. పట్టు తప్పిన చోట లప్పం మందంగా ఉన్నట్లు. అనుమానం ఉన్న చోట స్క్రూడ్రైవర్‌తో గుచ్చండి. దిగబడితే ఆ ముక్కను కోసివేయవలసిందే.

తుప్పు మీదనే లప్పం పూసి రంగు వేస్తే కారు కొత్తదానిలా మెరుస్తుంది. యజమాని సంతోషిస్తాడు, మరుసటి వానాకాలం దాకా! తలుపు రేకుకైతే నష్టం డబ్బుతో పోతుంది. కాని అంబాసిడర్‌కు లారీకి ఉన్నట్లు విడి ఛాసిస్ లేదు. నేల రేకు, తలుపుల కింద పొడవునా ఉండే పెట్టెలాంటి భాగాలు కూడా బరువు మోస్తాయి. అక్కడి తుప్పును లప్పంతో దాచడం ప్రయాణికుల ప్రాణాలతో చెలగాటం. యజమాని ఎంత బతిమాలినా ఒప్పుకోకండి.

వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగలు విప్పండి. సీట్లు, తివాచీ తీసివేయండి. పెట్రోలు ట్యాంకు దగ్గర పని అయితే దాన్ని విప్పి దూరంగా పెట్టాలి. కళ్ళకు రక్షణ తప్పనిసరి.

మెరిసే ఇనుము కనిపించే వరకు తుప్పు రేకును కోయండి. ఆ ఆకారంలోనే, అంతే మందమున్న కొత్త రేకు కత్తిరించి పెట్టండి. ఒకే చివర నుంచి అతుకుతూ పోతే వేడికి రేకు వంకర తిరుగుతుంది. కాబట్టి ముందు దూరదూరంగా చుక్కలు పెట్టి, తరువాత మధ్య ఖాళీలు నింపండి. అతుకును సానపట్టి, తేమ తగలకముందే, అదే రోజున ప్రైమర్ వేయండి. ఆపైన ఎత్తుపల్లాలు సరిచేయడానికి పలుచగా లప్పం వాడవచ్చు. రంగు వేశాక లోపలి వైపు మైనపు పూత పూయండి. నీటి రంధ్రాలు మాత్రం మూయకండి.

పాఠ్యాంశ ప్రశ్న
అతికిన రేకుకు బయట మాత్రమే రంగు వేసి వదిలేస్తే ఏమవుతుంది? మూడు వాక్యాలలో రాయండి.