వ్యాధికి పేరు, పేరుకు అర్థము
మలద్వార వ్యాధుల నామములు, వాని పుట్టుక, వాడుక

కంటి నొప్పిని గూర్చి గాని పంటి నొప్పిని గూర్చి గాని చెప్పుకొనుటకు ఎవ్వరును సంకోచింపరు. మలద్వారమునకు సంబంధించిన బాధ మాత్రము అట్టిది కాదు. దానిని ఇంటివారితో గూడ చెప్పుకొనజాలక నెలల తరబడి దాచుకొనువారు అనేకులు గలరు. తుదకు వైద్యుని యెదుటకు వచ్చినను, "వేడి చేసినది" అనియో, "మొలలు" అనియో ఒక్కమాట చెప్పి తలవంచుకొందురు. ఆ ఒక్కమాటలో నాలుగైదు వేర్వేరు వ్యాధులు దాగి యుండవచ్చును. వానిలో ఒకటి ప్రాణాంతకమైనది. కావున ఈ వ్యాధుల పేర్లు ఎక్కడనుండి వచ్చినవో, ఏ పేరు దేనిని తెలుపునో ప్రజలు ఎరిగియుండుట మేలు.

సంస్కృత నామములు

సుశ్రుత సంహితలో ఈ వ్యాధులు వేర్వేరు అధ్యాయములందు వర్ణింపబడినవి. అందు గుదము నాలుగున్నర అంగుళముల పొడవు గలదనియు, దాని యందు మూడు వళులు, అనగా ముడుతలు, ఉండుననియు చెప్పబడినది. వాని పేర్లు ప్రవాహణి, విసర్జని, సంవరణి. మొదటిది మలమును త్రోయునది, రెండవది విడుచునది, మూడవది మూయునది. ప్రతి పేరును ఆ భాగము చేయు పనిని తెలుపుచున్నది.

అర్శస్సు అను పదమునకు ప్రాచీనులు చెప్పిన వ్యుత్పత్తి, శత్రువు వలె ప్రాణమును హింసించునది అని. అయితే సుశ్రుతుని యందు ఈ పదమునకు విస్తారమైన అర్థము గలదు. గుదమున పుట్టిన మాంసాంకురములే గాక, ముక్కునందును చెవియందును పుట్టినవి కూడ అర్శస్సులే. నేటి వాడుకలో ఆ పదము గుదవ్యాధికి మాత్రమే పరిమితమైనది.

భగందరము అనగా గుదమును, దాని పరిసర ప్రదేశమును చీల్చునది. పక్వము కాని దశలో అది పిడక, అనగా కురుపు. పగిలిన పిమ్మట భగందరము. దానిలో ఐదు భేదములు చెప్పబడినవి. జల్లెడ వలె పెక్కు రంధ్రములు గలది శతపోనకము. ఒంటె మెడను పోలినది ఉష్ట్రగ్రీవము. ఎడతెగక స్రవించునది పరిస్రావి. నత్తగుల్ల సుడుల వలె తిరిగినది శంబూకావర్తము. తప్పుదారి పట్టినది ఉన్మార్గి. ఈ పేర్లు పెట్టినవారు రోగిని కన్నులార చూచి పెట్టిరనుటకు వేరు సాక్ష్యము అక్కరలేదు.

గుదభ్రంశము అనగా గుదము జారుట. పరికర్తిక అనగా కోసినట్లుండు బాధ. కోయుట అను అర్థము గల ధాతువు నుండియే కర్తరి అను సంస్కృత పదమును, దానినుండి మన కత్తెరయు వచ్చినవి. ప్రాచీన గ్రంథములలో పరికర్తిక ఒక లక్షణము. నేటి ఆయుర్వేద వైద్యులు మలద్వారపు చీలికకు ఆ పేరు వాడుచున్నారు.

పాశ్చాత్య నామములు

ఐరోపా వైద్యుల పదములు చాలవరకు గ్రీకు, లాటిను భాషలనుండి వచ్చినవి. హెమరాయిడ్సు అను మాట రక్తము, ప్రవాహము అను అర్థములు గల రెండు గ్రీకు పదముల కలయిక. జనసామాన్యము వాడు పైల్సు అను మాటకు మూలము, బంతి అను అర్థము గల లాటిను పదము. ఒకటి స్రావమును చూచి పెట్టిన పేరు, రెండవది ఆకారమును చూచి పెట్టిన పేరు. ఫిస్టులా అనగా గొట్టము. ఫిషరు అనగా చీలిక.

రెక్టము అనగా తిన్ననిది. మనుష్యునియందు ఆ భాగము నిజమునకు వంపు గలది. పూర్వము గ్రీకు వైద్యులు జంతువుల శరీరములను కోసి చూచి ఈ పేరు పెట్టిరి, అదియే నిలిచిపోయినది. పేరు ఎంత పాతదైనను ప్రత్యక్ష పరీక్షకు సాటి రాదనుటకు ఇది చక్కని ఉదాహరణము.

కలకత్తాలో జరిగిన కృషి

ఈ రెండు పదసంపదలును నేడు కోల్‌కతా అని పిలువబడు కలకత్తా నగరమున ఎదురుపడినవి. 1822లో అచ్చట దేశీయ వైద్య విద్యాలయము స్థాపింపబడినది. దానికి అధ్యక్షుడుగా నుండిన పీటరు బ్రెటన్ 1825లో శరీరభాగముల పేర్లను, వైద్య పదములను ఇంగ్లీషు, అరబ్బీ, పారసీ, హిందీ, సంస్కృత భాషలలో ప్రక్కప్రక్కన చేర్చి ఒక పదకోశమును ప్రకటించెను.

1835లో ఆ విద్యాలయమును తీసివేసి, దాని స్థానమున కలకత్తా మెడికల్ కాలేజీని నెలకొల్పిరి. సంస్కృత కళాశాలలో వైద్యము బోధించుచుండిన పండిత మధుసూదన గుప్త ఈ కొత్త కళాశాలకు వచ్చెను. 1836లో ఆయన స్వహస్తముతో శవచ్ఛేదము చేసెను. ఆ కాలముననే సుశ్రుత సంహితను పరిష్కరించి అచ్చు వేయించెను. తరువాత లండను ఔషధ గ్రంథమును వంగభాషలోనికి అనువదించెను. ప్రాచీన పదమును ఎరిగినవాడును, ఆ పదము తెలుపు అవయవమును కోసి చూచినవాడును ఒక్కడే యగుట ఆయన విశేషము.

1877లో రాజేంద్రలాల్ మిత్ర పాశ్చాత్య శాస్త్రపదములను దేశభాషలలోనికి తెచ్చు విధానమును గూర్చి ఒక ప్రణాళిక రచించెను. కొన్నింటిని అనువదింపవలెననియు, కొన్నింటిని ఉన్నవి ఉన్నట్లు గ్రహింపవలెననియు ఆయన తలంపు. 1907 మొదలు 1916 వరకు కవిరాజు కుంజలాల్ భిషగ్రత్న సుశ్రుతునికి ఇంగ్లీషు అనువాదమును అదే నగరమున ప్రకటించెను. ఇట్టి అనువాదములందు అర్శస్సు హెమరాయిడ్సు అయినది. భగందరము ఫిస్టులా అయినది. అనువాదమునకు ఈ జంటలు అవసరమే. కాని ఒక పదపు వైశాల్యము మరియొక పదమున పూర్తిగా ఇమడదని మరువరాదు. సుశ్రుతుని అర్శస్సును అంతటిని హెమరాయిడ్సు అనినచో, ముక్కునందలి అర్శస్సునకు చోటు లేకపోవును.

వంగదేశమునకు ఈ విషయమున మరియొక కీర్తి గలదు. పదునొకండవ శతాబ్దమున అచ్చటి చక్రపాణిదత్తుడు తన చికిత్సా గ్రంథమున పసుపును ఆకుజెముడు పాలను పట్టించిన దారముతో భగందరమును నయము చేయు విధమును వ్రాసెను. అదియే క్షారసూత్రము. నేడును శిక్షణ పొందిన ఆయుర్వేద శస్త్రవైద్యులు దానిని వాడుచున్నారు.

తెలుగు వాడుక

తెలుగువారు మొలలు, మూలశంక, మూలవ్యాధి అను మాటలు వాడుదురు. మొల అనగా నడుము. మొలత్రాడు అను మాట అందరును ఎరిగినదే. మూల శబ్దము సంస్కృతము. అడుగు, మొదలు అని దాని అర్థము. ఇవి రెండును చోటును తెలుపు పేర్లే గాని, వ్యాధి స్వరూపమును తెలుపునవి కావు. భగందరమునకు లూటి అను పేరు గలదు. గుదభ్రంశమును జనులు ఆసనము జారుట అందురు. ఉర్దూ వాడుకగల చోట్ల అరబ్బీ నుండి వచ్చిన బవాసీరు అను మాట వినబడును. పాఠ్యపుస్తకములు రెక్టమును పురీషనాళమనియు, మలద్వారమును పాయువనియు వ్యవహరించుచున్నవి.

రైలు కొలువుల నిమిత్తము ఖరగ్‌పూరునకును కలకత్తాకును వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబములు అనేకము. అట్టివారు వంగీయ వైద్యునికి మొలలు అని చెప్పిన అర్థము కాదు. అర్శ అనిన వెంటనే అర్థమగును. భగందరమును, పాయువును అంతే. అయినను ఇచ్చట ఒక మెలకువ అవసరము. రోగి చెప్పవలసినది వ్యాధి పేరు కాదు, తన బాధ. పేరు నిర్ణయించుట వైద్యుని పని.

నేటి శాస్త్రము చెప్పునది

మలద్వారపు లోపలి అంచున రక్తనాళములతో కూడిన మెత్తని దిండ్ల వంటి భాగములు ప్రతి మనుష్యునికి సహజముగ ఉండును. అవి ఉబ్బి క్రిందికి జారినప్పుడు మొలలు అందురు. లోపలి మొలలనుండి సాధారణముగ నొప్పి లేకయే ఎఱ్ఱని రక్తము పడును. చీలికయందు మలవిసర్జన సమయమున కోసినట్లు నొప్పి కలుగును. భగందరమునకు పెక్కుమారులు ముందుగా చీముగడ్డ లేచి, పగిలి, పిదప ఎడతెగక చీము కారు మార్గము ఏర్పడును. పిడక పగిలి భగందరమగునన్న ప్రాచీనుల మాటకు ఇది సరిపోవుచున్నది.

పురీషనాళమునందు పుట్టు క్యాన్సరు నుండి కూడ రక్తము పడును. మొదట నొప్పి యుండకపోవచ్చును. రోగి దానిని మొలలని తలంచి, గోడలమీద ప్రకటనలు చూచి మందులు కొని వాడుచు కాలము గడుపును. తొలిదశలో నయము కాదగిన వ్యాధి ఆ లోపల ముదిరిపోవును. ఇచ్చట తప్పు పేరు ప్రాణమునకే ముప్పు తెచ్చుచున్నది.

ప్రజలు గమనింపవలసినవి

మలముతో రక్తము పడినచో, అది మొలల వలననే యని ఎవ్వరును తమంతట తాము నిర్ణయించుకొనరాదు. వైద్యుడు వ్రేలితోను, అవసరమైనచో చిన్న గొట్టముతోను పరీక్షించును. ఈ పరీక్షకు కొద్ది నిమిషములు చాలును. అందు సిగ్గుపడవలసినది లేదు.

మలవిసర్జన అలవాటు మారి కొన్ని వారములు అట్లే యున్నను, మలము నల్లగా నున్నను, శరీరము చిక్కుచున్నను, రక్తహీనత కనబడినను, కుటుంబమున ఇదివరకు ప్రేగు క్యాన్సరు వచ్చియున్నను, జాగు చేయక ఆసుపత్రికి వెళ్లవలెను. వయస్సు చిన్నదని ఉపేక్షింపరాదు.

శిక్షణ లేనివారిచేత సూదిమందు వేయించుకొనుట, ఘాటైన మందులు పూయించుకొనుట అపాయకరము. దానివలన మలమును ఆపుకొను కండరము చెడిపోవచ్చును.

మలబద్ధకము లేకుండ చూచుకొనుట మొలలకును చీలికకును మంచి నివారణోపాయము. జొన్నలు, రాగులు, ఆకుకూరలు, పండ్లు తినవలెను. తగినంత నీరు త్రాగవలెను. మరుగుదొడ్డిలో చాలసేపు కూర్చుండరాదు.

వైద్యుని యెదుట చెప్పవలసిన మాటలు నాలుగే: రక్తము పడుచున్నదా, నొప్పి ఎప్పుడు కలుగుచున్నది, ఏదైన బయటికి వచ్చుచున్నదా, ఎన్నాళ్ల నుండి. ఏ భాషలో చెప్పినను, ఎంత సామాన్యమైన మాటలతో చెప్పినను చాలును. పేరు తెలియకున్నను నష్టము లేదు. బాధను దాచుటయే నష్టము.