వెనక నిలబడే ఆటగాడు – సయ్యద్ నయీముద్దీన్



ఫుట్‌బాల్ అనగానే మనం గోలు కొట్టినవాళ్ళ పేర్లే చెప్తాం. గోలు పడకుండా ఆపినవాళ్ళు ఎవరికీ గుర్తుండరు. వాళ్ళని డిఫెండర్లు అంటారు. అలాంటి గొప్ప డిఫెండరు ఒకాయన 1944లో హైదరాబాదులోనే పుట్టారు. ఆయన పేరు సయ్యద్ నయీముద్దీన్.

అప్పట్లో హైదరాబాదు ఫుట్‌బాల్‌కి పుట్టిల్లు లాంటిది. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచింది. ఆ జట్టుకి ఆట నేర్పిన సయ్యద్ అబ్దుల్ రహీం గారు మొదట బడిపంతులు. నయీముద్దీన్ గారు కూడా ఆ పోలీసు జట్టులో ఆడి, తర్వాత కలకత్తా వెళ్ళి ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ మూడు క్లబ్బులకూ ఆడారు.

ఇంతకీ డిఫెండరు పని ఏటి? బంతిని గట్టిగా తన్నేయడం కాదు. ఎదుటివాడు బంతితో వస్తున్నప్పుడు మనం మీదికి దూకితే వాడు పక్కకి తప్పించుకుని పోతాడు. ఇక గోల్‌కీపరు ఒక్కడే మిగులుతాడు. అందుకని దూకకుండా, ఎదురుగా ఉండి, కొంచెం కొంచెం వెనక్కి జరుగుతూ వాడిని గ్రౌండు అంచుకి తోలాలి. మేకని దొడ్లోకి తోలినట్టే. మేకలు కాసినవాళ్ళకి ఇది చెప్పనక్కర్లేదు. అంచుకి పోయాక వాడికి గోలు సన్నంగా కనబడుతుంది. ఈలోగా మనవాళ్ళు వచ్చేస్తారు. గోలుగీతకి 16.5 మీటర్ల దూరం దాకా ఉన్న పెట్టెలో కాలు అడ్డం పెట్టి పడేస్తే మాత్రం పెనాల్టీ. అప్పుడు 11 మీటర్ల నుంచి కొడతారు, ఆపడం చాలా కష్టం.

ఇంకోటి ఆఫ్‌సైడ్. బంతి అందించే క్షణంలో ఎదుటివాడు మన గోల్‌కీపరు తప్ప అందర్నీ దాటేసి, బంతికన్నా ముందు ఉంటే మామూలుగా ఆఫ్‌సైడ్ అవుతాడు. అందుకే వెనకవాళ్ళు నలుగురూ ఒకే వరసలో జరగాలి. ఒక్కరు వెనక ఉండిపోయారా, అందరి కష్టం పోయినట్టే.

1970 జూన్‌లో మెక్సికో ప్రపంచకప్పు సెమీఫైనల్లో పశ్చిమ జర్మనీ ఆటగాడు బెకెన్‌బావర్ భుజం జారిపోతే, చేతిని ఒంటికి కట్టుకుని ఆడాడు. అయినా ఇటలీ 4-3తో గెలిచింది. తర్వాత జర్మనీ 1-0తో మూడో స్థానం తెచ్చుకుంది. విచిత్రం ఏమిటంటే, అదే డిసెంబరులో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో మనమూ 1-0తోనే జపానుని ఓడించి మూడో స్థానంలో నిలిచాం. కెప్టెను నయీముద్దీన్ గారు. ఆ జపాను 1968 ఒలింపిక్స్‌లో కంచు పతకం గెలిచిన జట్టు! ఒక్క గోలుతో గెలిచారంటే వెనకవాళ్ళు ఎంత కాపలా కాసి ఉండాలో చూడండి. ఆ తర్వాత 2023 ఆసియా క్రీడల దాకా కూడా మనకి ఫుట్‌బాల్ పతకం రాలేదు.

ఆయనకి 1970లో అర్జున అవార్డు వచ్చింది. తర్వాత కోచ్ అయ్యారు. క్రమశిక్షణలో చాలా కఠినం అంట. 1990లో ద్రోణాచార్య అవార్డు ఇచ్చారు. బెకెన్‌బావర్ కోచ్‌గా ప్రపంచకప్పు గెలిచిందీ 1990లోనే. అడవి పిల్లాడి బొటనవేలు అడిగిన గురువు పేరు అవార్డుకి పెట్టడం నాకు నచ్చలేదు. ఐతే ఫుట్‌బాల్‌లో గోల్‌కీపరుకి తప్ప బొటనవేలు అక్కర్లేదు.

మన మల్కాపురం గ్రౌండ్లో అందరూ ముందు ఆడతామనే కొట్లాట. వెనక ఆరో తరగతి పిల్లల్ని నిలబెట్టేస్తారు. వచ్చే ఆదివారం నేను వెనక ఆడతాను. తొమ్మిది, పది తరగతుల నుంచి ఇంకా ముగ్గురు కావాలి. మేడమ్ గారూ, మా ఆడపిల్లలకి ఆ రోజు ఒక గంట బంతి ఇప్పించండి.